తూకంతో గీసిన మెదడు బొమ్మ

డోపమైన్‌కు రంగు లేదు. సెరొటోనిన్‌కు లేదు. గాబాకు, గ్లుటమేట్‌కు, అసిటైల్‌కోలిన్‌కు కూడా లేదు. మల్లెల వాసన ముక్కుకు తగిలినా, ఎవరో పేరు పెట్టి పిలిచినా, కాలు తడబడినా, కన్ను మూతపడినా ఈ రంగులేని పదార్థాలే ఒక నాడీకణం కొస నుంచి జారి పక్క కణాన్ని తాకుతాయి. మధ్యనున్న సందు మిల్లీమీటరులో సుమారు యాభై వేలో వంతు. దాన్ని దాటడానికి రెప్పపాటులో నూరో వంతు కూడా అక్కర్లేదు. ఇంత సందడి నడిచే మెదడును కోసి చూస్తే కంటికి ఆనేది కొంత బూడిద రంగు, కొంత తెలుపు, అక్కడక్కడ సన్నని నెత్తుటి గీతలు. లోపల జరిగిన సంభాషణ ఆనవాలు ఒక్కటీ ఉండదు.

అందుకే మనిషి మొదట వీటిని చూడలేదు, వీటి పనిని చూశాడు. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఓటో లోవీ రెండు కప్ప గుండెలను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకోనిచ్చాడు. ఒకదాని వేగస్ నాడికి కరెంటు తగిలిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి రెండో గుండెకు పట్టిస్తే, ఏ నాడినీ కదిలించకుండానే అదీ నెమ్మదించింది. నీటిలో ఏదో ఉందన్నమాట. అది అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి నోబెల్ వచ్చింది. ఈ ప్రయోగం తనకు కలలో తట్టిందని, మొదటి రాత్రి నిద్రమత్తులో రాసుకున్న గీతలు తెల్లవారాక తనకే అర్థం కాలేదని, మళ్లీ అదే కల వస్తే లేచి తిన్నగా ప్రయోగశాలకు పరుగెత్తానని ఆయన చెప్పుకునేవాడు. కలలొచ్చే నిద్రలో మెదడు నిండా అసిటైల్‌కోలిన్ ఊరుతుంది కాబట్టి, ఆ పదార్థమే తన గుట్టు విప్పుకుందని సరదాగా అనుకోవచ్చు.

తర్వాతి కథలో మన నేల మొక్కలు రెండు ఉన్నాయి. మొదటిది సర్పగంధ. మతి చలించినవారికి, నిద్ర పట్టనివారికి మన వైద్యులు తరతరాలుగా వాడిన వేరు అది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయనవేత్తలు దాన్నుంచి రెసర్పిన్‌ను వేరు చేశారు. రెసర్పిన్ ఎక్కించిన కుందేలు చెవులు వాల్చేసి, ఉన్నచోటనే ఉండిపోతుంది. తట్టినా కదలదు. 1957లో స్వీడన్‌లోని లుండ్‌లో అర్విడ్ కార్ల్‌సన్ అలాంటి కుందేళ్లకు ఎల్-డోపా అనే పదార్థాన్ని ఇచ్చాడు. కాసేపటికే వాలిన చెవులు నిక్కాయి, కుందేళ్లు లేచి తిరిగాయి. వాటి మెదడు ఎల్-డోపాను డోపమైన్‌గా మార్చుకుంది. అంతకుముందు డోపమైన్ అంటే నార్‌అడ్రినలిన్ అనే మరో పదార్థం తయారయ్యే దారిలో ఒక మజిలీ అనే అనుకునేవారు, దానికంటూ సొంత పని ఉంటుందని ఎవరికీ పెద్దగా అనిపించలేదు. కార్ల్‌సన్‌కు నోబెల్ మాత్రం 2000 దాకా రాలేదు.

రెండో మొక్క దూలగొండి. కాయ మీది నూగు ఒంటికి తగిలితే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవారికి చెప్పక్కర్లేదు. ఆ కాయలోపలి గింజల నుంచి ఎల్-డోపాను వేరు చేసి 1937లో ప్రకటించినవారు మద్రాసులో పనిచేసిన ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి. కార్ల్‌సన్ కుందేళ్లు లేచి తిరగడానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది. ఒక మొక్క వేరు మెదడులోని డోపమైన్ నిల్వను ఊడ్చేస్తుంది, ఇంకో మొక్క గింజ నింపుతుంది. రెండూ మన అడవి అంచుల్లో పెరిగేవే. దీన్ని చదివి దూలగొండి పొడి కొనడానికి బయల్దేరేవారికి ఒక మాట: గింజ గింజకూ అందులోని ఎల్-డోపా మోతాదు మారుతుంది. పార్కిన్సన్స్ జబ్బుకు మందులు వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా దాని జోలికి పోకూడదు.

పని తెలిసింది, ఇక చూడాలి. రంగు లేనిదానికి రంగు రప్పించే విద్య అప్పుడు మొదలైంది. 1960లో వియన్నాలో ఓలే హోర్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదడు నుంచి స్ట్రయేటమ్ అనే లోపలి భాగాన్ని తీసి, దాని సారానికి అయోడిన్ కలిపాడు. ఆ జబ్బు లేనివారి సారంలో డోపమైన్ వల్ల గులాబీ ఛాయ పొడిచింది. రోగుల సారంలో దాదాపు ఏమీ లేదు. ఒక జబ్బు గాజు గొట్టంలో రంగు లేమిగా కనిపించడం వైద్య చరిత్రలో అరుదైన ఘట్టం. ఆ మరుసటి సంవత్సరమే ఎల్-డోపాను రోగులకు ఎక్కించి చూశారు, మంచాన పడినవారు లేచి నడిచారు.

1962లో మళ్లీ లుండ్‌లోనే బెంట్ ఫాల్క్, నిల్స్ హిలార్ప్ మరో ఉపాయం పన్నారు. ఎండబెట్టిన మెదడు పొరలకు ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టి, అతినీలలోహిత కాంతిలో సూక్ష్మదర్శినితో చూశారు. డోపమైన్, నార్‌అడ్రినలిన్ ఉన్న కణాలు ఆకుపచ్చగా మెరిశాయి, సెరొటోనిన్ ఉన్నవి పసుపుపచ్చగా. ఆ మెరుపుల వెంట నడిచి 1964లో అన్నికా డాల్‌స్ట్రోమ్, షెల్ ఫుక్సె ఎలుక మెదడుకు ఒక పటం గీశారు. ఆ కణాల గుంపులకు వారు పెట్టిన ఏ1, ఏ2, బీ1, బీ2 వంటి పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయితే ఆ పటంలో చిక్కులున్నాయి. డోపమైన్‌దీ నార్‌అడ్రినలిన్‌దీ ఒకే ఆకుపచ్చ. మెదడులో అన్నిటికన్నా విస్తారంగా ఉండే గ్లుటమేట్, గాబాలైతే ఆ ఆవిరికి అసలు పలకనే లేదు.

రంగు లేకపోయినా ప్రతి అణువుకూ బరువు ఉంటుంది. గాబా 103, గ్లుటమేట్ 147, డోపమైన్ 153, నార్‌అడ్రినలిన్ 169, సెరొటోనిన్ 176. హైడ్రోజన్ పరమాణువును ఒకటిగా లెక్కవేసుకుంటే వచ్చే అంకెలివి. ఆకుపచ్చ మెరుపులో విడదీయలేకపోయిన డోపమైన్, నార్‌అడ్రినలిన్‌లకు మధ్య తేడా 16, అంటే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఇంకో వింత చూడండి. గ్లుటమేట్ నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు ఊడిపోతే మిగిలేది గాబా: 147లోంచి 44 తీసేస్తే 103. గ్లుటమేట్ నాడీకణాన్ని రెచ్చగొడుతుంది, గాబా ఊరుకోబెడుతుంది. ‘కానీ’ అనే ఆజ్ఞకూ ‘ఆగు’ అనే ఆజ్ఞకూ మధ్య ఉన్నది మనం ఊపిరితో వదిలే ఆ గాలి అణువు ఒక్కటే. ప్రకృతి ఇంత పొదుపుగా ఎలా ఆలోచించిందా అని నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

అణువులను తూచే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. దాని మూలాలు కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్, ఫ్రాన్సిస్ ఆస్టన్ నియాన్ వాయువులో 20, 22 బరువుల రెండు రకాల పరమాణువులున్నాయని విడదీసిన రోజుల్లో ఉన్నాయి. సూత్రం తేలిక. అణువుకు విద్యుదావేశం తగిలించి, గాలి తీసేసిన గొట్టంలోకి ఒకే తోపుతో విసరాలి. తేలికైనది ముందు చేరుతుంది, బరువైనది వెనక. చేరడానికి పట్టిన మైక్రోసెకన్లను లెక్కిస్తే బరువు తెలుస్తుంది. చిక్కంతా ఎగరేయడంలో ఉంది. జీవపదార్థం మీద లేజర్ వేస్తే అణువులు ఎగరడానికి బదులు ముక్కలైపోయేవి. 1985లో జపాన్‌లోని క్యోటోలో, షిమాజు కంపెనీలో కోయిచి తనాకా అనే యువ ఇంజినీరు మెత్తని కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పొడి ఖరీదైనది, పారేయడానికి మనసొప్పక అలాగే యంత్రంలో పెట్టాడు. బరువైన అణువులు చెక్కుచెదరకుండా లేచాయి. అదే కాలంలో జర్మనీలో ఫ్రాంజ్ హిలెన్‌కాంప్, మైకేల్ కారాస్ లేజర్ కాంతిని పీల్చుకునే స్ఫటికాల పొడిని నమూనాతో కలిపి అంతకన్నా మెరుగైన పద్ధతి రూపొందించారు. దెబ్బ పొడి తింటుంది, అణువు నొప్పి లేకుండా పైకి లేస్తుంది. నేడు అందరూ ‘మాల్డి’ అని పిలిచేది వారి పద్ధతినే. 2002లో నోబెల్ మాత్రం తనాకాను వరించింది. ఆ ఎంపిక మీద వాదన అప్పుడే మొదలైంది. హిలెన్‌కాంప్, కారాస్‌లకు అన్యాయం జరిగిందన్నవారి మాట నాకూ సబబుగానే తోస్తుంది.

తూకాన్ని బొమ్మగా మార్చవచ్చని 1997లో చూపించినవాడు అమెరికాకు చెందిన రిచర్డ్ కాప్రియోలి. ఆయన మెదడు వంటి కణజాలాన్ని నూరి రసం తీయలేదు, పొరను పొరగానే ఉంచి చోటు చోటుకూ తూచాడు.

పని ఇలా నడుస్తుంది. మెదడును బయటికి తీసిన వెంటనే గడ్డకట్టించాలి. ఇక్కడ ప్రతి క్షణం విలువైనదే. ప్రాణం పోయినా మెదడులోని ఎంజైములు వెంటనే పని మానవు. గ్లుటమేట్‌ను గాబాగా మార్చేది తన పాటికి తాను మారుస్తూనే ఉంటుంది, నిమిషాల్లో గాబా పెరిగిపోతుంది. ఆలస్యం చేస్తే మనం తూచేది బతికిన మెదడును కాదు, చావు తర్వాతి మార్పును. గడ్డకట్టిన మెదడును సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉండే పెట్టెలో పదునైన బ్లేడుతో కోస్తారు. ఒక్కో పొర మందం సుమారు 12 మైక్రాన్లు, మిల్లీమీటరును ఎనభై పాళ్లు చేస్తే ఒక పాలు. దాన్ని విద్యుత్తు ప్రవహించే పూత ఉన్న గాజు పలక మీద పరిచి, తడి ఆరనిచ్చి, స్ఫటికాల ద్రావణాన్ని యంత్రంతో సన్నని తుంపరగా చల్లుతారు. తుంపర ఎక్కువైతే అణువులు చోటు వదిలి పక్కకు పాకి బొమ్మ అలుక్కుపోతుంది. తక్కువైతే అవి పైకి లేవవు. ఈ చల్లడంలోనే ప్రయోగశాలల చేతి నైపుణ్యం బయటపడుతుంది.

ఆ తర్వాత లేజర్ వంతు. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు అది పొర మీద వరస వెంట వరసగా కాంతి చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ఒక్కో చుక్క దగ్గర లేచిన అణువులన్నిటినీ యంత్రం తూచి, ఏ బరువువి ఎన్ని ఉన్నాయో రాసుకుంటుంది. ఎలుక మెదడు అడ్డుకోత ఒక్కదానికే వేలకు వేల చుక్కలు. అన్నీ అయ్యాక కంప్యూటరును ‘153 ఎక్కడెక్కడ ఉంది?’ అని అడిగితే డోపమైన్ పటం వస్తుంది. అదే పొర నుంచి, అదే కొలత నుంచి, ఇంకో బరువు అడిగితే ఇంకో పటం. ముందుగా దేన్ని వెతకాలో నిర్ణయించుకుని రంగు అంటించనక్కర్లేదు. అడగని ప్రశ్నలకు కూడా జవాబులు ఆ లెక్కల్లో నిద్రపోతూ ఉంటాయి.

చెప్పినంత సుళువుగా 153 దొరికి ఉంటే బాగుండేది. చల్లిన స్ఫటికాల తునకలు కూడా లేజర్‌కు లేస్తాయి, వాటి బరువులూ ఈ చిన్న అణువుల బరువుల దగ్గరే ఉంటాయి. ఆ రొదలో డోపమైన్ గొంతు వినపడదు. పైగా అది ఆవేశాన్ని సరిగా పట్టుకోదు. అసిటైల్‌కోలిన్‌కు పుట్టుకతోనే ధనావేశం ఉంది కాబట్టి సాయం లేకుండానే ఎగురుతుంది, తక్కినవాటికి ఆ అదృష్టం లేదు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో పేర్ ఆండ్రెన్ బృందం దీనికి విరుగుడు కనిపెట్టింది. పైరిలియం లవణాన్ని పొర మీద చల్లితే అది డోపమైన్, గాబా వంటి వాటి అమైన్ కొసను పట్టుకుని అతుక్కుపోతుంది. ఆవేశమూ ఇస్తుంది, బరువూ పెంచుతుంది. 153 కాస్తా 368 దగ్గర కనిపిస్తుంది, అక్కడ రొద తక్కువ. 2014లో ఈ పని ప్రకటించారు. ఎంత ఉందో కూడా లెక్కకట్టడానికి, భార హైడ్రోజన్‌తో చేసిన డోపమైన్‌ను తెలిసిన మోతాదులో పొర మీద చల్లి, దానితో పోల్చి చూశారు. 2019 నాటికి అదే బృందం ఇంకో పదార్థాన్ని తయారుచేసింది. అణువుకు అతుక్కునేదీ అదే, లేజర్ దెబ్బ తినే స్ఫటికమూ అదే. దానితో డోపమైన్, సెరొటోనిన్‌లు మాత్రమే కాక అవి తయారయ్యే ముందు రూపాలు, విరిగిపోయాక మిగిలే శకలాలు కూడా ఒకే పొరలో కనిపించాయి. ఎలుకలకే ఆగలేదు, కోతి మెదడు, మరణానంతరం తీసిన మనిషి మెదడు పొరలూ ఆ గాజు పలకల మీదికి చేరాయి.

బరువొక్కటే సరిపోని సందర్భాలూ ఉన్నాయి. ఆక్టోపమైన్ అనే పదార్థం బరువు కూడా సరిగ్గా 153. పరమాణువులు అవే, అమరిక వేరు. అప్పుడు అణువును కావాలనే విరగ్గొట్టి, ముక్కలను తూచి ఎవరు ఎవరో పోల్చుకుంటారు. కీటకాల్లో ఆక్టోపమైన్‌ది పెద్ద పాత్ర. వాన కురిసి వెలిసిన రాత్రి పొదల్లో మిణుగురు దీపం వెలిగిందంటే, దాని పొట్ట దగ్గరి కణాలకు నాడి ఆక్టోపమైన్‌తోనే కబురు పంపింది. అవే పరమాణువులు, ఒక ఆక్సిజన్ కూర్చున్న చోటు మారితే, మనలో కాలు కదిపే కబురవుతాయి.

ఇక బొమ్మలు. ఎలుక మెదడు అడ్డుకోతలో డోపమైన్‌ను అడిగితే స్ట్రయేటమ్ రెండు వైపులా రెండు రెక్కల్లా భగ్గుమంటుంది. దాని కింద అకంబెన్స్ అనే భాగం, ఇంకా కింద వాసనలకు సంబంధించిన చిన్న బుడిపె కూడా వెలుగుతాయి. పైనున్న కార్టెక్స్, మనం ఆలోచనలకు ఆటపట్టనుకునే ఆ పొర, దాదాపు చీకటి. మధ్యలో రెండు అర్ధభాగాలను కలిపే తెల్లని నాడుల కట్ట ఇంకా చీకటి. గాబాను అడిగితే పటం తిరగబడుతుంది. హైపోథాలమస్, గ్లోబస్ పాలిడస్, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే లోపలి భాగాలు దట్టంగా నిండిపోతాయి. సెరొటోనిన్ మెదడు కాండంలో నడిమధ్య గీత వెంట సన్నగా పోగవుతుంది. అంత సన్నని పోగు నుంచే దాని తీగలు మెదడంతా అల్లుకుంటాయి. మనిషి మెదడులో నార్‌అడ్రినలిన్ పుట్టే ముఖ్య కేంద్రం కాండంలోని చిన్న నీలి మచ్చ. అందులోని కణాలు రెండు వైపులా కలిపి యాభై వేల అటూ ఇటూ. ఉలిక్కిపడి మేల్కోవడం ఆ కొద్ది కణాల పుణ్యమే.

ఈ పటాలు అందానికే కాదు, పాత లెక్కలను సరిదిద్దడానికీ పనికొచ్చాయి. ఎల్-డోపా మందు ఏళ్ల తరబడి వాడిన పార్కిన్సన్స్ రోగుల్లో చాలామందికి ఒళ్లు తమ ప్రమేయం లేకుండా మెలికలు తిరుగుతుంది. నడిపించిన మందే అదుపు తప్పిస్తుంది. స్ట్రయేటమ్‌లో డోపమైన్ పొంగడమే కారణమని అక్కడే వెతుకుతూ వచ్చారు. ఉప్సాలా బృందం 2021లో ప్రకటించిన పరిశీలనలో, పార్కిన్సన్స్ లక్షణాలు కలిగించి ఎల్-డోపా ఇచ్చిన కోతుల మెదళ్లను మొత్తంగా తూచి చూశారు. మెలికలు వచ్చిన కోతుల్లో, రానివాటితో పోలిస్తే, కొలిచిన ప్రతి భాగంలోనూ ఎల్-డోపా ఎక్కువగా పోగుబడి ఉంది. డోపమైన్ కూడా ఎక్కడెక్కడో పెరిగింది: జ్ఞాపకాలకు పట్టైన హిప్పోకాంపస్‌లో, భయాన్ని గుర్తించే అమిగ్డలాలో, కార్టెక్స్ భాగాల్లో. పెరగని చోటు ఒక్కటే, స్ట్రయేటమ్. అందరూ దీపం పట్టుకుని నిలబడ్డ చోట తప్ప మిగతా ఇల్లంతా తేడా ఉందన్నమాట. స్ట్రయేటమ్‌ను మాత్రమే కోసి, నూరి, కొలిచి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

యంత్రానికి హద్దులు లేవని కాదు. నాడీకణాల మధ్య సందు ఇరవై నానోమీటర్లయితే లేజర్ చుక్క వెడల్పు సాధారణంగా పది మైక్రాన్లు, ఆపైన. అంటే ఒక్కో చుక్క కింద వేల సందులు దాగిపోతాయి. అందులో కనిపించే డోపమైన్‌లో ఎక్కువ భాగం కణాల తిత్తుల్లో నిల్వ ఉన్నదే, ఆ క్షణాన విడుదలైనది కాదు. పైగా ఇది ఆగిపోయిన మెదడు. బతికిన మనిషి తలలోకి ఈ లేజర్ పోదు, పోకూడదు. వార్తల్లో ‘ఆనందం ఇలా ఉంటుంది’ అంటూ ఇలాంటి బొమ్మ ఒకటి వేసినప్పుడల్లా నాకు చిరాకు పుడుతుంది. అది ఆనందం కాదు, ఒక ఎలుక మెదడులో 368 బరువు ఎక్కడుందో చెప్పే లెక్క.

‘డోపమైన్ పెరిగింది’, ‘డోపమైన్ ఉపవాసం’ వంటి మాటలు ఫోన్లు చేతిలో ఉన్న ప్రతివారి నోటా ఇప్పుడు వినిపిస్తున్నాయి. ఎవరైనా అలా అంటే ‘ఎక్కడ పెరిగింది?’ అని అడగండి. ఒకచోట అది నడక, ఇంకోచోట కోరిక, మరోచోట పాలు ఊరకుండా ఆపే సంకేతం. చోటు చెప్పని డోపమైన్ మాటకు అర్థం లేదు.

ఇలాంటి చిత్రాలు మీకు ఇకముందు పత్రికల్లో తరచుగా కనిపిస్తాయి. అందులోని ఎరుపు, పసుపు, నీలం మెదడువి కావు, కంప్యూటరు వద్ద కూర్చున్నవారు ఎంచుకున్నవి. రంగుల మెట్టు మారిస్తే అవే అంకెలు మంటలానూ కనిపిస్తాయి, మసకగానూ కనిపిస్తాయి. అందుకని బొమ్మను మెచ్చుకునే ముందు మూలనున్న రంగుల కొలబద్దను, దాని పక్కన రాసిన అంకెలను ఒకసారి చదవండి. అవి లేని బొమ్మను నమ్మకండి.